డెబ్బై ఒకటో ప్రశ్న

బడి లైబ్రరీ నేల మీద నాగమల్లేశ్వరి స్లీపింగ్ బ్యాగును మోకాళ్ళతో అదిమి చుడుతోంది. ఒక చివర నుంచి గాలి తీసుకుంటూ రాకపోతే అది సంచిలో పట్టదు. తల వైపు బొమ్మల పుస్తకాల అర, కాళ్ళ వైపు హీటరు. నెలకు పది రోజుల చొప్పున రెండేళ్ళుగా ఆమె పడక ఇదే. అలాస్కాలో ఆ నది ఒడ్డు ఊరికి హోటలు లేదు, దారి కూడా లేదు. ఏడుగురు పట్టే విమానంలో రావాలి, బడి నేల మీద పడుకోవాలి. వచ్చేది నర్సైనా, పాస్టరైనా, పంపుల పని నేర్పే మనిషైనా అంతే.

ఆమె వయసు యాభై రెండు. పొట్టి మనిషి. లేచి నిలబడేటప్పుడు కుడి చెయ్యి నడుము మీదికి దానంతటదే పోతుంది. రెండు జతల ఉన్ని మేజోళ్ళు, మందపాటి ప్యాంటు, దాని మీద ఇంకో ప్యాంటు, చెవుల మీదుగా టోపీ. బొట్టుబిళ్ళ పెట్టుకుంటుంది కానీ ఈ చలికి అది అంటుకోదు. సాయంత్రం టోపీ లోపల దొరుకుతుంది.

చివరగా సంచి పక్క అరలో స్క్రూడ్రైవరు ఉందో లేదో తడిమి చూసుకుంది. మూరెడు పొడవు, కర్ర పిడి. పిడి మీద వాళ్ళ నాన్న బొటనవేలు పడ్డచోట చిన్న గుంట ఉంది. దానితో ఆమె ఎప్పుడూ స్క్రూలు విప్పలేదు. కొసను తిరుగుతున్న పంపు మీద ఆనించి పిడిని చెవి ఎముకకు నొక్కితే లోపల బేరింగు ఎలా ఉందో వినపడుతుంది. ఖమ్మం వైపు ఒక థర్మల్ స్టేషన్‌లో పంప్‌హౌస్ హెల్పరుగా ఆయన ఇరవై ఏడేళ్ళు అలా విన్నాడు. ఐటీఐ చదివిన కుర్రాళ్ళకు అప్రెంటిస్‌లో పని నేర్పాడు. వాళ్ళే రెండేళ్ళు తిరిగేసరికి ఆయనకు పై అధికారులై వచ్చేవాళ్ళు. ఆయనకు కాగితం లేదు.

ఆ కాగితం కోసమే నాగమల్లేశ్వరి ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చేరింది. బ్యాచ్‌లో ఆడపిల్ల ఆమె ఒక్కతే. తర్వాత పెళ్ళి, రాజారావు, అమెరికాలో రెడ్‌మండ్. డిపెండెంట్ వీసా మీద తొమ్మిదేళ్ళు అపార్ట్‌మెంట్‌లో ఖాళీగా కూర్చుని కింద లాండ్రీ గదిలో ఏ మిషను బేరింగు పోతోందో పై అంతస్తు నుంచి చెప్పేది. గ్రీన్‌కార్డు వచ్చాక సాయంత్రం క్లాసులకు వెళ్ళి నీటి ప్లాంటు సర్టిఫికెట్టు తెచ్చుకుంది. "కుళాయిల చదువు" అని రాజారావు పార్టీల్లో నవ్వించేవాడు. ఇప్పుడు నెలకు ఇరవై రోజులు ఇలా ఊళ్ళు తిరుగుతుంది. ఆదివారాలు ఫోన్లో ఆయన పెరుగు ఎలా తోడు పెట్టాలో అడుగుతాడు, ఆమె చెబుతుంది.

బయట ఇంకా చీకటి. ఫిబ్రవరిలో అక్కడ తొమ్మిదిన్నర దాటితే గానీ వెలుగు రాదు. సున్నాకు కింద ముప్పై ఒకటి. అడుగు బయట పెట్టగానే ముక్కు లోపలి తడి గడ్డకట్టింది. అరవై ఇళ్ళు, కర్ర కాళ్ళ మీద నిలబడి ఉన్నాయి. ఏ ఇంట్లోనూ కుళాయి లేదు, మరుగుదొడ్డి లేదు. బకెట్టుకు ప్లాస్టిక్ సంచి తొడిగి వాడుకుంటారు. పొద్దున్నే ఇంటికొకరు ఆ సంచి పట్టుకుని ఊరి చివరి డబ్బా దాకా నడుస్తారు. ఒక ముసలావిడ ఎదురై, చేతిలో బకెట్టు ఉన్నా ఆగి, కనుబొమలు పైకెత్తింది. పలకరింపు. అక్కడ కనుబొమలు ఎత్తితే అవునని, ముక్కు ముడిస్తే కాదని.

మొదటి నెలలో నాగమల్లేశ్వరికి ఇది తెలియలేదు. "అర్థమైందా?" అని అడిగితే క్లాసంతా నోరు మెదపకుండా చూసేది. పొగరనుకుంది. వాళ్ళేమో ఆమె తల అటూ ఇటూ ఊపడం చూసి, ఏం చెప్పినా ఈవిడ కాదంటోందేమిటి అనుకున్నారట. నెల తర్వాత వాసిలీ ఆ సంగతి చెప్పి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

వాసిలీ ఆ ఊరి నీటి ప్లాంటు నడుపుతాడు. అరవై ఎనిమిదేళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పని. ఆయనకూ కాగితం లేదు. పరీక్ష మూడుసార్లు తప్పాడు. సర్టిఫికెట్టు ఉన్న ఆపరేటరు ఊళ్ళో ఒక్కరైనా ఉంటేనే ఇంటింటికీ పైపులు వేస్తామని పైవాళ్ళ షరతు. దానికి గడువు ఈ నెలాఖరు. పరీక్ష ఈవేళ.

ఊరివాళ్ళు వాషటేరియా అంటారు. నీళ్ళు శుభ్రం చేసే ప్లాంటు, బట్టలుతికే మిషన్లు, స్నానాల గదులు, అన్నీ ఆ ఒక్క రేకుల కట్టడంలోనే. ముందు హాల్లో మిషన్లు. దాని వెనక చిన్న ఆఫీసు గది. పంపుల గదికి దారి ఆ ఆఫీసులోంచే, వేరే తలుపు లేదు.

వాసిలీ మనవరాలు ఓల్గా కౌంటరు దగ్గర టోకెన్లు అమ్ముతోంది. ఇరవై మూడేళ్ళు, పొడుగ్గా, నిద్రమొహంతో.

"రాత్రంతా చదివాడా?" అని నాగమల్లేశ్వరి అడిగింది. వాళ్ళంతా మాట్లాడుకునేది ఇంగ్లీషే.

"పుస్తకం మొహం మీద పెట్టుకుని గురక పెట్టాడు. గురకలో క్లోరిన్ లెక్కలు వినపడ్డాయి."

ఆఫీసులోంచి వాసిలీ గొంతు వచ్చింది. "వినపడుతోంది."

"నీకేది వినపడదు, అపా!" అంది ఓల్గా. అప అంటే వాళ్ళ భాషలో తాత.

ఆయన ల్యాప్‌టాప్ ముందు ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. చలికి కాలి నల్లబడిన చెంపలు, రెండు వేళ్ళకు గోళ్ళు లేవు. బల్ల మీద నుంచి అన్నీ తీసేశారు. గంట గంటకూ పెన్సిలుతో ఒత్తిడి, వేడి, క్లోరిన్ రాసే లాగ్‌బుక్కు కూడా కిటికీ మీద పెట్టారు.

"మళ్ళీ చెప్పనా?" అంది నాగమల్లేశ్వరి.

"చెప్పు, మల్లీ."

"గదిలో ఇంకెవరూ ఉండకూడదు. తలుపు తెరవకూడదు. కళ్ళు స్క్రీను మీంచి పక్కకు పోకూడదు. కెమెరా చూస్తూ ఉంటుంది. రెండుసార్లు హెచ్చరిస్తుంది, మూడోసారి పరీక్ష ఆగిపోతుంది. ఏం జరిగినా సరే, చూపు తిప్పొద్దు."

వాసిలీ కనుబొమలు ఎత్తాడు.

"అడిగితే నోటితో చెప్పండి. ఆ కెమెరాకి కనుబొమలు తెలియవు."

"అవును," అన్నాడు ఆయన గట్టిగా, కెమెరా వంక చూసి.

పదిన్నరకు ఆమె తలుపు వేసి, దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. తలుపులో అరచేయంత అద్దం ఉంది. అందులోంచి ఆయన చెవి, భుజం, స్క్రీనులో సగం కనపడుతున్నాయి. ప్రతి ప్రశ్నకూ పెదాలు కదులుతున్నాయి. ప్రశ్న అంకె స్క్రీను మూల పెద్దగా ఉంది. ముప్పై. నలభై ఐదు. ఆమె తన గోళ్ళ చుట్టూ చర్మం గిల్లుకుంటోంది. అరవై. ఇంత దూరం ఇంత తొందరగా ఆయన ఎప్పుడూ రాలేదు.

పదకొండు దాటాక కిటికీల్లో బూడిదరంగు వెలుతురు నిలకడగా నిండింది. అప్పుడు పంపు గొంతు మారింది.

డ్రయర్లు తిరుగుతున్నాయి, ఎవరో పిల్ల ఏడుస్తోంది. అయినా నాగమల్లేశ్వరికి వినపడింది. నది నుంచి వచ్చే పైపులో నీరు గడ్డకట్టకుండా పగలూ రాత్రీ తిప్పే పంపు అది. లావుగా ఉండే దాని రొద సన్నబడింది. మధ్యలో చిన్న గరగర. గాలి చేరింది. నీళ్ళు తిరగడం లేదు. బయట ముప్పై ఒకటి. ఇరవై నిమిషాలో, ముప్పై నిమిషాలో. ఆ తర్వాత పైపులో మంచు కడుతుంది, పైపు పగులుతుంది, వేసవి దాకా ఊరికి నీళ్ళు ఉండవు.

ఆమె లేచింది. తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

అద్దంలోంచి అరవై తొమ్మిది కనపడింది. మొత్తం వందలో ఇంకా ముప్పై పైనే. ఈ వేగాన పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. తలుపు తెరిస్తే కెమెరాలో రెండో మనిషి పడుతుంది. అరవై ఇళ్ళు. మూడుసార్లు తప్పిన మనిషి. పంపుల గదిలోకి వెళ్ళి గాలి వదిలే వాల్వు తిప్పడానికి రెండు నిమిషాలు చాలు.

ఆమె పిడి తిప్పలేదు. పావుగంట ఆగుతుందిలే, ఆగుతుంది, అనుకుంది. అలా అనుకున్నది తనేనని ఆ క్షణంలోనే ఆమెకు తెలిసింది.

వాసిలీ చెవి పంపుల గది వైపు తిరిగింది. వెంటనే స్క్రీను మీద పసుపు పట్టీ, మొదటి హెచ్చరిక. ఆయన తల వెనక్కి తిప్పుకున్నాడు. డెబ్బై. మళ్ళీ చెవి తిరిగింది, ఈసారి చూపు కూడా. రెండో పట్టీ. డెబ్బై ఒకటి. ఆయన స్క్రీను వంక చూస్తూ కొంచెంసేపు కదలకుండా కూర్చున్నాడు. చదవడం లేదు, పెదాలు ఆగిపోయాయి. ఆ తర్వాత రెండు చేతులూ బల్ల మీద ఆనించి, పీట మీంచి లేచినట్టు నెమ్మదిగా లేచి, పంపుల గదిలోకి వెళ్ళిపోయాడు.

స్క్రీను ఎర్రబడింది.

నాగమల్లేశ్వరి సంచిలోంచి స్క్రూడ్రైవరు లాగి, తలుపు తోసుకుని వెళ్ళేసరికి ఆయన పంపు ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. వెనక్కి చూడకుండా చెయ్యి చాచాడు. ఆమె స్క్రూడ్రైవరు ఆ చేతిలో పెట్టింది. ఆయన విన్నాడు.

"నదిలో పైపు నోటికున్న జాలీకి మంచు అంటింది. గాలి పీలుస్తోంది," అన్నాడు. "నువ్వు ఈ వాల్వు పట్టుకో. నది మీదికి నేను వెళ్తాను."

"చలి ఎక్కువగా ఉంది. నేను వెళ్తా."

"నీకు నది తెలియదు."

ఆయన వేడినీళ్ళ గొట్టం భుజాన వేసుకుని బయటికి నడిచాడు. గంటన్నర ఆమె వాల్వు దగ్గర కూర్చుని కొంచెం కొంచెంగా గాలి వదులుతూ నీళ్ళు పూర్తిగా ఆగిపోకుండా చూసింది. చేతికింద ఇనుము ఒకసారి వణికింది, మళ్ళీ ఊరుకుంది, మళ్ళీ వణికింది. తర్వాత పంపు గొంతు లావైంది.

ఆ మధ్యలోనే ఫోను మోగింది. భవిత. వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో కూర్చుని ఈ పరీక్షలు నడిపే కాంట్రాక్టు కంపెనీలో పనిచేస్తుంది. వరంగల్ పిల్ల. మొదట కాన్ఫరెన్స్ కాల్‌లో ఒకరి యాస ఒకరు పట్టుకుని నవ్వుకున్నారు.

"ఆంటీ, ఏమైంది? నాకు అలర్ట్ వచ్చింది. క్యాండిడేట్ లెఫ్ట్ ది సీట్ అని చూపిస్తుంది."

"పంపు ఎయిర్‌లాక్ అయిందమ్మా. లేచి వెళ్ళాడు. వెళ్ళకపోతే ఊరికి నీళ్ళుండవు."

"అయ్యో. కానీ సిస్టమ్ ఆటోమేటిగ్గా క్లోజ్ చేసేసింది. రీటేక్‌కి అరవై రోజులు ఆగాలి ఆంటీ."

"గడువు నెలాఖరుకి తల్లీ."

అవతల కీబోర్డు చప్పుడు. "ఒకటి చేయొచ్చు. పవర్ పోయిందనుకోండి, అది టెక్నికల్ ఇష్యూ. నేను రీసెట్ చేస్తా, రేపే మళ్ళీ రాయొచ్చు. ఫామ్ మెయిల్ చేస్తున్నా. మీ సైన్, ఆయన సైన్, అంతే. ఎవ్వరూ చూడరు ఆంటీ, నిజంగా."

"సరే. పంపించు."

"ఇంకోటి ఆంటీ..." భవిత గొంతు తగ్గింది. "మీకు మెయిల్ వస్తది ఇవాళో రేపో. మార్చి తర్వాత ట్రావెల్ ట్రైనర్స్ ఉండరట. అందరికీ టాబ్లెట్స్ పంపి, మొత్తం ఆన్‌లైన్ చేస్తున్నారు. నేను అడిగినా, ప్రామిస్. నా వీసా ఎక్స్‌టెన్షనే పెండింగ్‌లో ఉంది, నేను ఎంతని అడుగుత చెప్పండి?"

"నువ్వేం చేస్తావులే," అంది నాగమల్లేశ్వరి. "తిన్నావా?"

"లేదు ఆంటీ."

"తిను."

వాసిలీ తిరిగొచ్చేసరికి కనురెప్పలకు మంచు పట్టి ఉంది. కోటు చేతులు చెక్కల్లా బిగుసుకుని ఉన్నాయి. ఓల్గా ఆయన్ని డ్రయర్ల ముందు కూర్చోబెట్టి కోటు విప్పింది. రోజూ లాగే నాగమల్లేశ్వరి రైస్ కుక్కర్ తెరిచింది. తను తెచ్చిన కందిపొడి, ఆయన సీసాలోని సీలు నూనె, అంటే సీలు అనే సముద్రజంతువు కొవ్వు. నెయ్యి లేని ఒకనాడు మొదలైన అలవాటు అది. వేడన్నంలో రెండూ కలిపి ఇద్దరూ తిన్నారు.

తిన్నాక ప్రింటు తీసిన ఫామ్ ఆయన ముందు పెట్టింది. కింద తన సంతకం అప్పటికే చేసి ఉంది.

ఆయన వాక్యం కింద వేలు జరుపుకుంటూ చదివాడు. రెండుసార్లు చదివాడు.

"కరెంటు పోలేదు," అన్నాడు.

"పోలేదు. కానీ ఇలా రాస్తే రేపు మళ్ళీ రాయొచ్చు. డెబ్బై దాకా వచ్చారు."

"ఈ శీతకాలం ఈ ప్లాంటులో ఒక్కసారి కూడా కరెంటు పోలేదు. జనరేటరు నేనే చూస్తాను." ఆయన లేచి కిటికీ మీంచి లాగ్‌బుక్కు తెచ్చి తెరిచాడు. పెన్సిలు నాకి, అప్పటిదాకా ఖాళీగా ఉన్న గళ్ళలో రాశాడు. పదకొండూ పది, గాలి. పన్నెండూ నలభై ఐదు, పోయింది. "ఇందులో ఒకటి రాసి, అందులో ఇంకొకటి రాయమంటావా?"

"అపా, ఎవరు చూస్తారు ఈ పుస్తకం?" ఓల్గా అరిచింది. "రోజూ పొద్దున్నే ఆ బకెట్టు మోసేది నేను! నువ్వు కాదు! నీ పుస్తకం నెత్తిన పెట్టుకుని ఊరేగు. ఊరంతా అదే తాగుతారు, అందులోనే స్నానం చేస్తారు!"

మిషన్ల దగ్గర బట్టలు మడతపెడుతున్న ఇద్దరు ఆడవాళ్ళు తలలు వంచుకున్నారు. వాసిలీ మనవరాలి వంక చూశాడు. కోపం లేదు.

"నిజమే," అన్నాడు. "నువ్వే మోస్తున్నావు."

అని ముక్కు ముడిచి, ఫామ్‌ను నాగమల్లేశ్వరి వైపు జరిపాడు.

ఆమె దాన్ని చూస్తూ కూర్చుంది. ఒకసారి థర్మల్ స్టేషన్‌లో ఒక ఇంజనీరు తప్పు వల్ల పంపు కాలిపోయింది. హెల్పరు నిర్లక్ష్యమని రిజిస్టరులో రాసి, సంతకం పెడితే పర్మనెంట్ చేయిస్తామన్నారు. నాన్న పెట్టాడు. పర్మనెంట్ చేయలేదు. ఆ తర్వాత కూడా ఆయన డ్యూటీకి వెళ్ళాడు, పంపులు చూశాడు. కానీ అన్నం దగ్గర వాటి కబుర్లు చెప్పడం మానేశాడు. పోయేదాకా చెప్పలేదు. సంతకం పెట్టిననాడు ఆమె ఎనిమిదో తరగతి. నాన్నకు ఒంట్లో బాలేదనుకుంది.

ఆమె ఫామ్‌ను నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకుంది.

"ఆ చప్పుడు నేనూ విన్నాను," అంది. "మీకంటే ముందే. తలుపు దగ్గర నిలబడే ఉన్నాను."

"తెలుసు," అన్నాడు వాసిలీ. "అద్దంలో నీ టోపీ కనపడింది. నువ్వు వస్తావని చూశాను."

ఆయన తిట్టి ఉంటే ఆమెకు కొంత బాగుండేది.

రెండున్నరకు రేడియోలో విమానం మాట వినపడింది. రేపటి నుంచి మూడు రోజులు మంచు తుఫానట. వెళ్ళేవాళ్ళు ఇప్పుడే వెళ్ళాలి. నాగమల్లేశ్వరి ల్యాప్‌టాప్ మూయబోయింది. ఎరుపు పోయి, ఆగిన ప్రశ్న మసకగా ఉంది. డెబ్బై ఒకటి. లక్షన్నర జనాభా ఉన్న నగరంలో వేసవి సాయంత్రం నీటి వాడకం పెరిగినప్పుడు ఆపరేటరు మొదట చేయవలసిన పని ఏది? నాలుగు జవాబుల్లో దేని మీదా గుర్తు లేదు.

మార్చి తర్వాత ఎవరు వస్తారని వాసిలీ అడగలేదు. ఆమె చెప్పింది. టాబ్లెట్లు వస్తాయి. సర్టిఫికెట్టు ఉన్న మనిషిని బయటి నుంచి రెండు వారాలకొకసారి విమానంలో దింపుతారు. మీరు ఆయనకు హెల్పరు.

"హెల్పరు," అన్నాడు వాసిలీ, ఆ మాట బరువెంతో చూస్తున్నట్టు. "ఆయనకి వినపడుతుందా?"

"తెలియదు."

ఓల్గా స్నోమొబైల్ మీద ఆమెను రన్‌వే దాకా దింపింది. సంచి దించుతూ, "కందిపొడి సీసా మర్చిపోయారు," అంది.

"మర్చిపోలేదు. మీ తాతకి."

ఓల్గా సంచి పక్క అర తెరిచి ఉండటం చూసి జిప్పు లాగింది. అందులో ఏమీ లేదు. ఆమె తలెత్తి చూసింది. నాగమల్లేశ్వరి తల అటూ ఇటూ ఊపింది. అది అవునో కాదో ఓల్గాకు ఇప్పుడు తెలుసు.

పైలట్ అందరినీ బరువు చూసి కూర్చోబెట్టాడు. ఆమెది కిటికీ సీటు. విమానం లేచాక కింద రేకుల కప్పు, గొట్టంలోంచి తెల్లటి ఆవిరి నిటారుగా కనపడ్డాయి. నది మీద ఒకచోట మంచు పగలగొట్టిన నల్లటి మరక ఉంది, దాని చుట్టూ ఒక మనిషి అడుగులు. కాసేపటికి అవీ కనపడలేదు. ఆమె టోపీ తీసి లోపల వేలితో తడిమి బొట్టుబిళ్ళ వెతికింది, దొరకలేదు.

వాషటేరియాలో నాలుగు గంటల అంకెలు రాసి, వాసిలీ పెన్సిలు చెవి మీద పెట్టుకుని పంపుల గది తలుపు దగ్గరికి వేశాడు. గోడకు, పంపు పక్కన, ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న మేకుకు మూరెడు స్క్రూడ్రైవరు వేలాడుతోంది. దాని కొస పైపుకు ఆనుకుని, పంపు తిరిగినంతసేపూ సన్నగా వణుకుతూ ఉంది.